హన్మకొండ హాస్పిటల్‌కు బయల్దేరే ముందు: బిల్లు ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ ఆపాలి

"ఆరోగ్యశ్రీ ఉంది. కానీ అడ్మిట్ అయ్యేటప్పుడు అడ్వాన్స్ కట్టమంటే కట్టినం. ఆపరేషన్ అయింది, లక్షన్నర దాటింది. ఇప్పుడు కార్డు చూపిస్తే పైసలు తిరిగొస్తాయా?" పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ఏటూరునాగారం నుంచి ఇదే ప్రశ్న వస్తూనే ఉంది. రావు. ఆరోగ్యశ్రీలో వైద్యానికి ముందే అనుమతి తీసుకోవాలి. చేతి నుంచి కట్టిన బిల్లును తర్వాత తిరిగిచ్చే పద్ధతి అందులో లేదు.

అందుకే ఈ వ్యాసమంతా ఏది ఎప్పుడు అడగాలన్న దాని గురించే. అడ్వాన్స్ కట్టకముందు అడిగితే హక్కుగా దొరికేది, కట్టిన తర్వాత అడిగితే బతిమాలినా దొరకదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక ప్లాస్టిక్ ఫైలు కొనండి. అందులో ఇవి పెట్టండి:

- ఆహార భద్రతా కార్డు (రేషన్ కార్డు), ఇంట్లో అందరి ఆధార్‌లు, రెండేసి జిరాక్సులు
- పేషెంటు పేరు మీదున్న బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు
- పాత ఓపీ చీటీలు, రిపోర్టులు, ఎక్స్‌రే ఫిల్ములు, తేదీల వరుసలో
- ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు ఒక కాగితం మీద
- ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం, అందులో "రూమ్ రెంట్" అన్న లైను దగ్గర గీత గీసి

అన్నీ ఫోన్‌లో ఫోటోలు కూడా తీసి పెట్టుకోండి. ఫైలు ఊళ్లో మరిచిపోయి వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు దవాఖానకు వచ్చినవాళ్లను ఆ ఫోటోలే ఆదుకుంటాయి.

1. రేషన్ కార్డులో పేర్లు ఇవాళే చూడండి

జబ్బు వచ్చాక చూసే పని కాదిది. కార్డులో పేరు లేని మనిషికి ఆరోగ్యశ్రీ అనుమతి దొరకడం కష్టం. మన దగ్గర ఎక్కువగా ఇరుక్కునేది ఇద్దరు: పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉన్న కోడలు, పేరు ఎక్కించని చిన్న పిల్లలు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు ఉన్నా అనుమతి దగ్గర ఆగుతుంది. మీసేవలో దరఖాస్తు పెట్టి రసీదు దాచుకోండి.

సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడం సులువే. 104కు ఫోన్ చేసి కార్డు నంబర్ చెప్పి అడగండి. లేదంటే ఆరోగ్యశ్రీ వర్తించే ఏ నెట్‌వర్క్ హాస్పిటల్‌లోనైనా ఆరోగ్యమిత్ర (పథకం తరఫున పేషెంట్లకు సాయం చేసే మనిషి) కౌంటర్ దగ్గర చూపించండి. జబ్బు లేకుండా వెళ్లి అడిగినా చూసి చెప్తారు.

2. మొదట ఎక్కడికి పోవాలి

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోకుండా ఎవరూ ఉండరు. అర్ధరాత్రి జ్వరానికి తలుపు తీసేది ఆయనే, దాన్ని కాదనను. కానీ ఆయన "ఫలానా హాస్పిటల్‌కు పోండి, నేను ఫోన్ చేస్త" అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి. పేషెంటును పంపినందుకు కమీషన్ ముట్టే చోట్లు ఉన్నాయి. ఆ కమీషన్ చివరికి మీ బిల్లులోనే ఉంటుంది. "ఈ జబ్బుకు ఏ డాక్టర్‌ను చూడాలి, గుండె డాక్టరా, నరాల డాక్టరా?" అని మాత్రం అడిగి తెలుసుకోండి. హాస్పిటల్ మీరు ఎంచుకోండి.

ప్రాణం మీదికి రాని జబ్బయితే ముందు పీహెచ్‌సీ, పల్లె దవాఖాన, పట్నంలోనైతే బస్తీ దవాఖాన. అక్కడ తీసిన రక్తం శాంపిల్ తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు పోతుంది, పరీక్షలు ఉచితం. థైరాయిడ్, షుగర్ మూడు నెలల పరీక్ష, కిడ్నీ, లివర్ పరీక్షలకు బయట ల్యాబ్‌లో ఎంతవుతుందో కట్టినవాళ్లకు తెలుసు. చిక్కు ఒక్కటే, రిపోర్టు అక్కడికక్కడే చేతికి రాదు. ఆగగలిగే జబ్బుకు ఆగండి.

బీపీ, షుగర్ మాత్రలు కూడా పీహెచ్‌సీ నుంచి నెలనెలా తీసుకోవచ్చు. ఆశా కార్యకర్తకు చెప్పి పేరు రాయించుకోండి. టీబీ అయితే మందులన్నీ సర్కారువే. పైగా వైద్యం నడిచినన్ని రోజులు పౌష్టికాహారానికి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500. టీబీ మందులు బయట కొంటున్న ఇళ్లు ఇంకా ఉన్నాయంటే నాకు ఆశ్చర్యమే.

దాని పై మెట్టు ఏరియా, జిల్లా దవాఖానలు. ఇప్పుడు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాబట్టి వాటి అనుబంధ దవాఖానల్లో స్పెషలిస్టులు ఉంటారు. ప్రతిదానికీ వరంగల్ బస్సు ఎక్కాల్సిన పని లేదు. ఎంజీఎంకు పోవాలంటే పొద్దున్నే చేరండి, తోడుగా ఒకరిని తీసుకుపోండి. ఒకరు లైన్‌లో, ఒకరు పేషెంటు దగ్గర. రద్దీ ఉంటుంది. గుండె, కిడ్నీ, నరాల జబ్బులకు కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ దవాఖాన వేరుగా ఉంది. ఎంజీఎం ఓపీలో నిలబడే ముందు ఎక్కడికి పోవాలో ఎంక్వైరీలో అడగండి. కంటికైతే ప్రాంతీయ కంటి దవాఖాన, కాన్పుకైతే వరంగల్‌లో సీకేఎం, హన్మకొండలో జీఎంహెచ్. గర్భిణిని తీసుకుపోవడానికి 102 వాహనం ఉచితం.

3. ఎమర్జెన్సీ అయితే

108. ప్రైవేటు అంబులెన్స్ పిలవాల్సి వస్తే, ఎక్కేటప్పుడే ఏ హాస్పిటల్‌కో మీరే చెప్పండి. డ్రైవర్‌ను ఎంచుకోనివ్వకండి. కారణం ఆర్‌ఎంపీ విషయంలో చెప్పిందే.

పాము కాటు గురించి విడిగా చెప్పాలి. వానాకాలం పొలం పనుల్లో ఇది మన వైపు ప్రతి ఊరి కథ. నాటు మందు, కోయడం, గట్టిగా కట్టు కట్టడం, ఏదీ వద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషం విరుగుడు మందు ఉన్న సర్కారు దవాఖానకు నేరుగా తీసుకుపోండి. దారిలోనే 108 సిబ్బందితో ఫోన్ చేయించి మందు ఉందో లేదో కనుక్కోండి. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి విడతలోనే 8 నుంచి 10 వయల్స్ ఎక్కిస్తారు. ప్రైవేటులో ఆ ఒక్క మందుకే బిల్లు ఎక్కడికో పోతుంది, సర్కారు దవాఖానలో ఉచితం. కుక్క కాటుకు కూడా అంతే. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి పీహెచ్‌సీకి పోండి. టీకా ఉచితం. చెప్పిన తేదీల్లో ఒక్క డోసు కూడా తప్పకూడదు.

రోడ్డు ప్రమాదమైతే కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత పథకం ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల దాకా, ఒక మనిషికి లక్షన్నర వరకు, నిర్ణయించిన హాస్పిటళ్లలో వర్తిస్తుంది. పోలీసులకు వెంటనే సమాచారం ఇవ్వకపోతే ఇది దొరకదు. "కేసు ఎందుకులే" అని రాజీ పడేవాళ్లు దీన్నీ, రేపటి ఇన్సూరెన్స్ పరిహారాన్నీ కూడా వదులుకుంటున్నారు.

ఇంకొకటి. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి డబ్బు కట్టలేదని ప్రథమ చికిత్స ఆపకూడదు. ముందు ప్రాణం కాపాడటమే ప్రతి డాక్టర్ బాధ్యత అన్నది సుప్రీంకోర్టు 1989లోనే చెప్పిన మాట.

4. ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర అడగాల్సినవి

నక్కలగుట్టలోనో బాలసముద్రంలోనో హాస్పిటల్ లోపలికి పోయారు. రిసెప్షన్ కంటే ముందు ఆరోగ్యమిత్ర డెస్కు వెతకండి. నెట్‌వర్క్ హాస్పిటల్ అయితే ఉండి తీరాలి. ఈ ప్రశ్నలు ఇదే వరుసలో అడగండి:

"ఈ జబ్బుకు ఈ హాస్పిటల్‌లో ఆరోగ్యశ్రీ ఉందా?" బయట బోర్డు చూసి నమ్మకండి. ఒక హాస్పిటల్‌కు ఎముకల విభాగంలో ఉండి, గుండె విభాగంలో లేకపోవచ్చు.

"ఈ ఆపరేషన్ సర్కారు దవాఖానకే రిజర్వ్ అయిందా?" కొన్ని అలాంటివి ఉన్నాయి. అప్పుడు ప్రైవేటులో అనుమతి రాదు.

"అనుమతి ఎప్పుడు వస్తుంది? అప్పటిదాకా పరీక్షల ఖర్చు ఎవరిది?" ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీద కూడా అనుమతి తీసుకునే వీలుంది. కాబట్టి "అనుమతికి రెండు రోజులు పడుతుంది, ముందు డబ్బు కట్టండి" అంటే ఆ మాట ఆరోగ్యమిత్ర ముందు చెప్పమనండి. సగం సార్లు మాట అక్కడే మారుతుంది.

పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. 2023 డిసెంబరులో 5 నుంచి పెంచారు. జాబితాలో ఉన్న చికిత్సకు అనుమతి వచ్చాక మందులు, ఇంప్లాంటు, భోజనం అన్నీ ప్యాకేజీలోనే. "మంచి రకం రాడ్ వేస్తాం, తేడా మీరు కట్టండి" అన్న బేరం మన దగ్గర చాలా నడుస్తుంది. కట్టక్కర్లేదు. నేరుగా గొడవ వద్దు, పేషెంటు వాళ్ల చేతిలోనే ఉంటాడు కదా. మెల్లగా "రసీదు ఇవ్వండి, కడతాం" అనండి. రసీదు ఇవ్వనంటే 104కు ఫోన్ చేయండి.

సరిచూసుకోవడం: అనుమతి వచ్చిందా అని నోటిమాటగా కాదు, అనుమతి నంబర్ అడిగి రాసుకోండి. డిశ్చార్జ్ రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. వైద్యం అందింది, డబ్బు తీసుకోలేదు అన్నట్టు ఉంటుంది. చదవకుండా పెట్టకండి. డబ్బు తీసుకుని ఉంటే అక్కడే తేల్చుకోండి. పది రోజుల మందులు, ఇంటికి పోవడానికి దారి ఖర్చులు అడిగి తీసుకోండి. చాలామంది ఇది తెలియకనే వదిలేసి బస్టాండ్‌కు నడుస్తారు.

సర్కారు ఉద్యోగులు, పింఛనుదారులైతే ఈహెచ్‌ఎస్, జీతంలో ఈఎస్‌ఐ కోత ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ, సింగరేణి వాళ్లు కంపెనీ దవాఖాన. ఎవరికి వర్తించేది వాళ్లు ఇదే పద్ధతిలో ముందే అడగాలి.

5. చేతి నుంచి కట్టాల్సి వస్తే

జబ్బు జాబితాలో లేదు, లేదా కార్డు లేదు. అప్పుడు అడ్మిట్ కాకముందే ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. అందులో సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, థియేటర్, రూము, ఐసీయూ రోజుకు ఎంత, ఇంప్లాంటు కంపెనీ, ధర విడివిడిగా ఉండాలి. "సుమారు లక్ష అవుతుంది" అన్నది ఎస్టిమేట్ కాదు. ఆ మాట డిశ్చార్జ్ నాటికి లక్షా అరవై అవుతుంది.

అదే కాగితంతో ఇంకో రెండు హాస్పిటళ్లలో అడగండి. హన్మకొండలో అవి ఒకే రోడ్డు మీద, ఆటో కూడా అక్కర్లేనంత దగ్గర్లో ఉంటాయి. జనరల్ వార్డు అడగండి. చాలా హాస్పిటళ్లలో రూము మారితే అద్దె ఒక్కటే కాదు, అదే డాక్టర్ అదే ఆపరేషన్‌కు తీసుకునే ఫీజు కూడా పెరుగుతుంది.

స్టెంట్లు, మోకాలి చిప్ప ఇంప్లాంట్లకు 2017 నుంచి కేంద్రం గరిష్ఠ ధర పెట్టింది. ఎస్టిమేట్‌లో ఉన్న ధరను మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ వాళ్ల "ఫార్మా సహీ దామ్" యాప్‌లో, సైట్‌లో చూసి పోల్చుకోండి. ఆపరేషన్ తర్వాత ఇంప్లాంటు డబ్బా మీది స్టిక్కర్ మీ కేసు షీటులో అతికించాలి. దాని ఫోటో తీసుకోండి.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఒక లెక్క. పాలసీలో రూము అద్దె పరిమితి రోజుకు 3,000 అనుకోండి. మీరు 6,000 రూము తీసుకున్నారు. కంపెనీ అద్దెలో తేడా ఒక్కటే కోసి ఊరుకోదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీల్లాంటివి కూడా అదే లెక్కన సగానికి తగ్గించే పాలసీలు ఉన్నాయి. క్లెయిమ్ సగం వచ్చిందని మొత్తుకునేవాళ్లలో చాలామంది దెబ్బతిన్నది ఇక్కడే. ఇందాక గీత గీయమన్నది ఈ లైను దగ్గరే. క్యాష్‌లెస్ అడిగితే గంటలో జవాబు, డిశ్చార్జ్ రోజు తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఆలస్యమైతే హాస్పిటల్ డెస్కుతో పాటు కంపెనీకీ మీరే ఫోన్ చేయండి.

6. ఆపరేషన్ అన్నారా? ఇంకో డాక్టర్‌కు చూపించండి

రక్తం కారుతున్నా, గుండెపోటు వచ్చినా ఇది వర్తించదు, అప్పుడు వెంటనే చేయించాలి. కానీ గర్భసంచి తీసేయాలి, మోకాలు మార్చాలి, డిస్కు ఆపరేషన్ అన్నప్పుడు వారం ఆగితే నష్టమేంటో డాక్టర్‌నే అడగండి. నష్టం లేదంటే ఆగి, వేరే హాస్పిటల్‌లో, మొదటి డాక్టర్ పంపని ఇంకొకరికి చూపించండి. ముందు రిపోర్టులు మాత్రమే ఇవ్వండి. మొదటాయన ఏమన్నాడో తర్వాత చెప్పండి.

కాన్పుల సంగతి విడిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే ఎక్కువ. ప్రైవేటులో అది 80 శాతం దాటింది. అన్నీ అనవసరమని కాదు. డాక్టర్లను ఒక్కరినే అనడానికీ లేదు, ముహూర్తం పెట్టించుకుని వచ్చే మన ఇళ్లకూ ఇందులో వాటా ఉంది. ఏడో నెలలోనే "సాధారణ కాన్పుకు అడ్డేముంది?" అని అడిగి, కారణం చీటీ మీద రాయించుకోండి.

7. అడ్మిట్ అయ్యాక ప్రతి సాయంత్రం

ఒక నోట్‌బుక్. ఏ రోజు ఏ డాక్టర్ వచ్చారు, ఏ పరీక్ష చేశారు, ఏ ఇంజెక్షన్లు తెప్పించారు, రాయండి. సాయంత్రం బిల్లింగ్ కౌంటర్‌లో ఆ రోజు దాకా బిల్లు అడిగి నోట్‌బుక్‌తో పోల్చండి. చివరి రోజు ముప్పై పేజీల బిల్లులో తప్పు వెతకడం ఎవరి వల్లా కాదు, ఆ రోజు రెండు పేజీల్లో వెతకొచ్చు.

ఎక్కువగా దొరికే తప్పులు: రాని డాక్టర్ పేరు మీద విజిట్ ఫీజు, ఒకే పరీక్ష రెండుసార్లు, వార్డుకు మార్చిన రోజు కూడా ఐసీయూ చార్జీ, వాడని మందులు. మిగిలిన ఇంజెక్షన్లు, సెలైన్లు, గ్లౌజులు నర్సును అడిగి ఫార్మసీకి వాపసు ఇచ్చి డబ్బు తీసుకోండి. మా బంధువు ఒకాయన డిశ్చార్జ్ రోజు మంచం కింది అట్టపెట్టెలో సీలు తీయని మందులు చాలా దొరికాయి. వాపసు తీసుకోమన్నారు గొణుగుతూనే.

మందులు హాస్పిటల్ షాపులోనే కొనాలని బలవంతం చేయకూడదు. బయట కొంటే బ్యాచ్ నంబర్, గడువు తేదీ చూసి బిల్లుతో సహా తెచ్చివ్వండి. ఐసీయూలో ఉన్నప్పుడు మాత్రం ఈ పట్టింపు వద్దు, మందుకు పరుగెత్తే పది నిమిషాలు అక్కడ ఖరీదైనవి.

8. మందులు, స్కానింగులు

ప్రిస్క్రిప్షన్‌లో బ్రాండ్ పేరు ఉంటే, కింద అసలు మందు పేరు పెద్ద అక్షరాల్లో రాయమనండి. ఆ పేరు, మోతాదు చూపి, బ్రాండ్ లేని మందులు తక్కువ ధరకు అమ్మే జన్ ఔషధి కేంద్రంలో అడగండి. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, ధర ఎంతో "జన్ ఔషధి సుగమ్" యాప్‌లో కనిపిస్తుంది. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, గ్యాస్ మాత్రల్లో సగం కంటే ఎక్కువే తగ్గుతుంది. ఇవి నెలనెలా ఏళ్ల తరబడి కొనేవి కాబట్టి నిజమైన ఆదా ఇక్కడే. మారాక రెండు మూడు వారాల్లో బీపీ, షుగర్ చూపించి అదుపులో ఉందో లేదో సరిచూసుకోండి. మూర్ఛ, థైరాయిడ్, రక్తం పలచబరిచే మందులు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఏ బ్రాండ్ నుంచి ఏ బ్రాండ్‌కూ మార్చకండి.

మెడికల్ షాపులో "అదే మందు, వేరే కంపెనీ" అంటే స్ట్రిప్ వెనక మందు పేరు, మిల్లీగ్రాములు రెండూ కలవాలి. ఒకటి కలిసి రెండోది కలవకపోతే వద్దు.

స్కానింగ్ చీటీ మీద సెంటర్ పేరు ముద్రించి ఉన్నా అక్కడికే పోవాలని లేదు. రెండు మూడు చోట్లకు ఫోన్ చేసి రేటు, "రాయితీ ఏమైనా ఉందా?" అని అడగండి. అడిగితేనే తగ్గిస్తారు. అదే నెలలో తీసిన రిపోర్టు ఉంటే కొత్త హాస్పిటల్‌లో "ఇది చాలదా?" అని అడగడం మరిచిపోకండి.

9. డిశ్చార్జ్ రోజు కాగితాలు

డిశ్చార్జ్ సమ్మరీ, విడివిడి పద్దులతో ఫైనల్ బిల్లు, చెల్లింపు రసీదులు, మందుల బిల్లులు, రిపోర్టులు అన్నీ ఒరిజినల్స్ కావాలి. ప్రతిదాని మీద హాస్పిటల్ ముద్ర, సంతకం, పేషెంటు పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా చూడండి. కేసు షీటు నకలు కావాలంటే రాసి ఇవ్వండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ పెట్టిన నిబంధన. బిల్లు మీద తగాదా ఉందని పేషెంటునో మృతదేహాన్నో ఆపిపెట్టే హక్కు ఎవరికీ లేదు. అలా జరిగితే 100, ఆ తర్వాత జిల్లా వైద్యాధికారికి రాతపూర్వక ఫిర్యాదు.

10. కట్టేసినవాళ్లకు మిగిలిన దారి: సీఎం సహాయనిధి

మొదట్లో ప్రశ్న అడిగినవాళ్లకు ఉన్నది ఇదొక్కటే. కట్టినదంతా రాదు, కొంత వస్తుంది. ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు ఇస్తే వాళ్లు ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు కావాలి. ఇచ్చే ముందు మొత్తం సెట్టు జిరాక్స్ తీసి ఉంచుకోండి. ఒరిజినల్స్ ఒకసారి పోతే తిరిగి రావు. దరఖాస్తు నంబర్ అడిగి తీసుకోండి, అది లేకుండా తర్వాత అడిగే ఆధారం ఉండదు.

నకిలీ బిల్లులతో నిధి కాజేసిన వ్యవహారంలో 2024లో సీఐడీ హాస్పిటళ్ల మీద కేసులు పెట్టింది. అందుకే ఇప్పుడు బిల్లులను హాస్పిటల్‌తో సరిచూస్తున్నారు. "బిల్లు కొంచెం పెంచి రాయిస్త, నాకింత ఇవ్వండి" అనే మధ్యవర్తి తగిలితే, కేసయ్యేది ఆయన మీద ఒక్కడి మీదే కాదు.

ఇంకా వైద్యం మొదలుకాకుండా, హైదరాబాద్‌లోని నిమ్స్‌లాంటి చోట పెద్ద ఎస్టిమేట్ ఇచ్చి ఉంటే బిల్లు దాకా ఆగకండి. ఆ ఎస్టిమేట్‌తో అదే ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ఎల్‌ఓసీ (ఖర్చు సర్కారు భరిస్తుందని ఇచ్చే హామీ పత్రం) అడగండి. డబ్బు నేరుగా దవాఖానకే మంజూరవుతుంది. క్యాన్సర్ అయితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే సర్కారు దవాఖాన. కాజీపేట నుంచి రైలు టికెట్‌లో క్యాన్సర్, డయాలసిస్ పేషెంట్లకు, తోడు వచ్చేవారికి రాయితీ ఉంది. రైల్వే నమూనా పత్రం మీద దవాఖాన డాక్టర్ సంతకం, ముద్ర తీసుకుని బుకింగ్ కౌంటర్‌లో ఇవ్వాలి. డయాలసిస్ కోసం ప్రతిసారీ హైదరాబాద్ పోతున్నవాళ్లు మాత్రం ముందు ఎంజీఎంలో, మీ జిల్లా దవాఖానలో సెంటర్ ఉందా, ఖాళీ ఉందా అని కనుక్కోండి. అక్కడ అది ఉచితం. పైగా డయాలసిస్ పేషెంట్లకు నెలకు 2,016 రూపాయల పింఛను కూడా ఉంది. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో ఆ సెంటర్‌లోనే చెప్తారు.